నాణెం మీది ఏడాదే అసలు సాక్షి

* హాలీ సిక్కా కొనుగోలులో తేదీయే కీలకం
* వందేళ్లు నిండితే విదేశాలకు తీసుకెళ్లడం నేరం
* బరువు, రాత తెలియకుంటే నకిలీల బారిన పడాల్సిందే

శంషాబాద్: పాత సందుగలో, గుడ్డ మూటలో తాతల నాటి వెండి రూపాయలు రెండు ఉన్నాయనుకుందాం. రెండింటి మీదా చార్మినార్ బొమ్మే. రెండింటి ద్వారంలోనూ ఒకే అక్షరం. రెండూ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో హైదరాబాద్ టంకశాలలో తయారైనవే. ఒకదాని మీద హిజ్రీ 1337 అని, మరొకదాని మీద 1361 అని ఉంది. చూపుకు కవలల్లా కనిపించే ఈ రెండింటిలో మొదటిది శంషాబాద్ విమానాశ్రయం దాటి విదేశానికి వెళ్లడాన్ని చట్టం అంగీకరించదు. రెండోదానికి ఆ అడ్డంకి లేదు. మొదటిది 1918-19 నాటిది కావడంతో వందేళ్లు నిండి పురావస్తువుగా మారింది. రెండోది 1942 నాటిది. తేడా అంతా ఆ నాలుగంకెల్లోనే ఉంది.

2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు తరలివచ్చినప్పటి నుంచి గల్ఫ్ దేశాలకు, హజ్ యాత్రకు, అమెరికాకు వెళ్లే వేలాది కుటుంబాలకు ఈ ఊరే వాకిలి అయింది. పెద్దలు గుర్తుగా ఇచ్చిన నాణేలను వెంట తీసుకెళ్లాలనుకునేవారు ఉంటారు. అక్కడి బజార్లలో ముచ్చటపడి కొని తెచ్చేవారూ ఉంటారు. ఇటీవల నాణేల సేకరణ అభిరుచి స్థాయిని దాటి పెట్టుబడిగా కూడా మారింది. అయితే చాలామంది నాణెం మెరుపును చూస్తున్నారే తప్ప దాని మీది రాతను చూడటం లేదు. అది అసలుదా, నకిలీదా? ధర ఎంత పలుకుతుంది? చట్టం ఏమంటుంది? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం చాలావరకు ఆ రాతలోనే దొరుకుతుంది.

బొమ్మ కాదు, రాతే ప్రధానం

ఇస్లామిక్ ప్రపంచపు నాణేలకు ఒక ప్రత్యేకత ఉంది. రోమన్ నాణేల మీద చక్రవర్తి ముఖం, విజయనగర వరహాల మీద దేవతామూర్తులు కనిపిస్తే, వీటి మీద ఎక్కువగా అక్షరాలే కనిపిస్తాయి. డమాస్కస్ రాజధానిగా పాలించిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో, అంటే క్రీస్తుశకం 696-97లో, బొమ్మలు లేని బంగారు దీనారును ప్రవేశపెట్టాడు. దాని బరువు సుమారు 4.25 గ్రాములు. ఆ వెంటనే వచ్చిన వెండి దిర్హం బరువు మూడు గ్రాములకు కాస్త తక్కువ. దిర్హంల మీద మత వచనాలతో పాటు ముద్రించిన ఊరు, సంవత్సరం కూడా అక్షరాల్లో రాయడం ఆనవాయితీ అయింది.

ఈ పద్ధతి స్పెయిన్ నుంచి బెంగాల్ వరకు వ్యాపించింది. శుక్రవారపు ఖుత్బాలో పేరు చదివించుకోవడం, నాణెం మీద పేరు వేయించుకోవడం రాజ్యాధికారానికి రెండు గుర్తులుగా నిలిచాయి. అందువల్లనే కొత్త పాలకుడు గద్దెనెక్కగానే ముందుగా చేసే పనుల్లో నాణెం ముద్రణ ఒకటిగా ఉండేది. ఏ ఊరు ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో చరిత్రకారులు నాణేలను బట్టి నిర్ధారించగలగడానికి కారణం ఇదే.

నాణేల మీద తెలుగు నేల

ఈ పరంపరలో తెలుగు ప్రాంతానికీ చోటు ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైంది. తుగ్లక్‌లు ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ కాలపు బంగారు టంకాల మీద టంకశాల పేరుగా 'ముల్క్-ఎ-తిలంగ్' అని, అంటే తెలంగు దేశమని, అరబ్బీ లిపిలో ఉంది. తెలంగాణ అన్న పేరుకు మూలమైన మాటను లోహం మీద చూపే సాక్ష్యాల్లో ఇది ఒకటి.

1347లో ఏర్పడిన బహమనీ రాజ్యం గుల్బర్గాను అహ్సనాబాద్ అని, ఆ తరువాత రాజధాని అయిన బీదర్‌ను ముహమ్మదాబాద్ అని తన నాణేల మీద పేర్కొంది. గోల్కొండ కుతుబ్‌షాహీల నాణేల్లో చేతికి దొరికేవి ఎక్కువగా రాగివే. పెద్ద వ్యాపారాలకు అప్పట్లో హొన్ను లేదా వరహా అని పిలిచే చిన్న బంగారు నాణేలు చెలామణి అయ్యేవి. అబ్దుల్లా కుతుబ్‌షా వేయించిన రాగి నాణేల్లో హిజ్రీ 1068 (1657-58) తేదీ ఉన్న రకం ఒకటి ప్రసిద్ధం. దాని మీద శుభంగా, సౌభాగ్యంతో ముగిసిందనే అర్థమిచ్చే పారశీక వాక్యం ఉంది. 1656లో మొగలు సేన హైదరాబాద్‌పై దాడి చేసి, కప్పం ఒప్పందంతో వెనుదిరిగిన సంగతి తెలిసిన వారికి ఆ చిన్న రాగి బిళ్ల ఒక చరిత్ర పుటలా తోస్తుంది.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఇక్కడి రూపాయల మీద హైదరాబాద్ పేరుకు 'దారుల్ జిహాద్' అన్న బిరుదు చేరింది. ఆసఫ్‌జాహీల కాలానికి అది 'ఫర్ఖుందా బునియాద్', అంటే శుభప్రదమైన పునాది గల నగరం, అయింది. ఒకే ఊరి పేరు ముందు బిరుదు మారడమే పాలన మారిందనడానికి నిదర్శనం. నిజాములు కూడా 1857 తిరుగుబాటు ముగిసే వరకు మొగలు చక్రవర్తుల పేరనే నాణేలు వేశారు. ఢిల్లీలో మొగలు పాలన అంతరించాక ఆ స్థానంలో 'నిజాముల్ ముల్క్ ఆసఫ్‌జా' అన్న పేరు, 92 అన్న అంకె వచ్చాయి. అబ్జద్ లెక్క ప్రకారం ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువల మొత్తం 92. ఆ పేరులోని నాలుగు అక్షరాలకు వరుసగా 40, 8, 40, 4 విలువలు.

చార్మినార్ రూపాయి కథ

నాణేల సేకరణ మొదలుపెట్టే వారికి మన ప్రాంతంలో సులువుగా దొరికేది హాలీ సిక్కా. పెద్దవాళ్లు బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అని, నిజాం రూపాయిని హాలీ అని వ్యవహరించేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో యంత్రంతో ముద్రించిన నాణేలు వచ్చాయి. వాటిని చర్ఖీ నాణేలనేవారు. హిజ్రీ 1321 (1903-04) నుంచి చార్మినార్ బొమ్మ ఉన్న నాణెం మొదలైంది. టంకశాల సైఫాబాద్‌కు మారింది కూడా 1903లోనే.

చార్మినార్ ద్వారం మధ్యలో ఉన్న అక్షరాన్ని చూస్తే ఏ నిజాం నాణెమో తెలిసిపోతుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది. 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ అలీఖాన్ తొలి నాణేల మీద ఐన్ చిన్నదిగాను, ఆ తరువాతి వాటి మీద పెద్దదిగాను ఉంటుంది. రెండో వైపు విలువ, టంకశాల పేరు, పాలనా సంవత్సరం ఉంటాయి. నాణేల మీద తెలుగు అక్షరాలు కనిపించవు. 1918 చట్టం మేరకు వచ్చిన హైదరాబాద్ కాగితపు నోట్ల మీద మాత్రం ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీలకు చోటు దక్కింది.

హాలీ వెండి రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి పాలు వెయ్యికి 818. బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి పాలు వెయ్యికి 917. పాత తులం అంటే ఈ కల్దార్ రూపాయి ఎత్తే. ఈ తేడా వల్లనే రెండింటి మారకం సమానంగా ఉండేది కాదు. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిశాక, 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు భారతీయ రూపాయలుగా మారకం స్థిరపరిచారు. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసింది.

ఏడాది చదవడం కష్టమేమీ కాదు

ఉర్దూ రానివారు కూడా పది అంకెలు నేర్చుకుంటే చాలు. లిపి కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలను మాత్రం మన మాదిరే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఒకటి నిలువు గీత. సున్నా కేవలం చుక్క. రెండు, నిలువు గీత పైన ఒక కొక్కెం. మూడుకు పైన రెండు పళ్లు. నాలుగు, ఇంగ్లీషు 3ను అద్దంలో చూసినట్లు ఉంటుంది. ఐదు గుండ్రంగానో, తలకిందులైన గుండె ఆకారంలోనో ఉంటుంది. ఆరు ఇంగ్లీషు 7లా కనిపించి తికమక పెడుతుంది. ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరంలా, ఎనిమిది దాన్ని బోర్లించినట్లు గుడిసె కప్పులా ఉంటాయి. తొమ్మిది దాదాపు ఇంగ్లీషు 9 మాదిరే ఉంటుంది.

హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కనుక మన క్యాలెండర్ ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. హిజ్రీ ఏడాదిని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే క్రీస్తుశకం ఏడాది సుమారుగా వస్తుంది. ఉదాహరణకు 1329ని 0.97తో హెచ్చవేస్తే 1289. దానికి 622 కలిపితే 1911. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన సంవత్సరం అదే.

మొగలు, ఆసఫ్‌జాహీ నాణేల మీద హిజ్రీ ఏడాదితో పాటు పాలకుడు గద్దెనెక్కి ఎన్నో ఏడు నడుస్తున్నదో కూడా వేస్తారు. దీన్ని జులూస్ సంవత్సరం అంటారు. మొదటి ఏడాదికి అంకెకు బదులు 'అహద్' అన్న మాట వేయడం పరిపాటి. కొనుగోలుదారుకు ఇది గొప్ప ఆయుధం. హిజ్రీ 1337 అని ఉన్న ఉస్మాన్ అలీఖాన్ రూపాయి మీద జులూస్ 8 లేదా 9 ఉండాలి. 1343 అని ఉంటే 14 లేదా 15 ఉండాలి. ఒక వైపు 1337 అని, రెండో వైపు 20 అని ఉంటే అనుమానించాల్సిందే. వేర్వేరు అచ్చులను జత చేసి నకిలీలు తయారుచేసే వారికి ఈ లెక్క పట్టదు.

నకిలీని పట్టేదెలా

నకిలీ నాణేల బెడద కొత్తది కాదు. 1330 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఇత్తడి, రాగి నాణేలను వెండి టంకాలతో సమానంగా చెల్లించాలని ఆజ్ఞాపించాడు. జనం ఇళ్లలోనే వాటిని పోతపోసుకోవడంతో ఆ ప్రయోగం కొద్ది కాలంలోనే విఫలమైంది. ఈనాటి నకిలీలు చెలామణి కోసం కాక సేకర్తల కోసం తయారవుతున్నాయి.

మొదటి పరీక్ష బరువు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తరాజు ఉంటే చాలు. 11.178 గ్రాములు ఉండాల్సిన హాలీ రూపాయి అరుగుదల వల్ల కొద్దిగా తగ్గవచ్చు. పది గ్రాములకు లోపు ఉన్నా, పన్నెండు దాటినా సందేహించాలి. రెండోది అంచు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద గాలి బుడగల గుంతలు కనిపిస్తాయి. అసలు నాణెం అచ్చుతో కొట్టింది కనుక అక్షరాల అంచులు తీరుగా ఉంటాయి. మూడోది అయస్కాంతం. వెండి, రాగి, బంగారం దానికి అంటుకోవు. నాలుగోది సాంద్రత. నీళ్లలో తూచి లెక్కగడితే హాలీ రూపాయి సాంద్రత పదికి కాస్త పైన రావాలి. ఇత్తడి, సీసం కలిపిన నకిలీలు ఇక్కడ దొరికిపోతాయి.

జహంగీర్ రాశిచక్రపు మొహరీలు, అక్బర్ కాలపు సీతారాముల బొమ్మ నాణెం వంటి అరుదైన వాటికి నకిలీలు విస్తారంగా ఉన్నాయి. సీతారాములు, హనుమంతుని బొమ్మలతో, 1818 అన్న ఏడాదితో ఈస్టిండియా కంపెనీ నాణేలంటూ అమ్మేవి కంపెనీ వేసినవి కావు. అవి భక్తుల కోసం తయారుచేసిన బిళ్లలు మాత్రమే.

గల్ఫ్ నుంచి తెచ్చుకునేవారు తెలుసుకోవాల్సిన మరో విశేషం ఉంది. అరేబియాలో ఒకప్పుడు విరివిగా చెలామణి అయిన ఆస్ట్రియా వెండి నాణెం మరియా థెరీసా థాలర్ మీద ఎప్పుడూ 1780 అనే ఉంటుంది. ఆ రాణి మరణించాక కూడా అదే తేదీతో పలు దేశాల టంకశాలలు దాన్ని ముద్రిస్తూ వచ్చాయి. అందువల్ల ఆ తేదీ చూసి రెండు శతాబ్దాల నాటిదనుకుని కొంటే అది ఇరవయ్యో శతాబ్దపు ముద్రణ కావచ్చు. ఏడాది చదవడంతో పాటు ఆ ఏడాది వెనుక కథ కూడా తెలిసి ఉండాలని దీన్ని బట్టి తేలుతుంది.

అరేబియా నాణేలకూ ఈ ప్రాంతానికీ సంబంధం లేకపోలేదు. శంషాబాద్‌కు వెళ్లే దారిలోని బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వంశీకులు ఇప్పటికీ నివసిస్తున్నారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. నిజాం కొలువులో జమేదార్లుగా ఎదిగిన ఖుయతీ వంశం యెమెన్ తీరంలోని ముకల్లాలో రాజ్యం స్థాపించింది. హిజ్రీ 1307 తేదీ గల ఖుయతీ ముద్రను అప్పట్లో అక్కడ చెలామణిలో ఉన్న నాణేల మీద అదనంగా కొట్టారు. బ్రిటిష్ ఇండియా రూపాయల మీద కూడా ఆ ముద్ర కనిపిస్తుంది.

కొనేటప్పుడు మెలకువలు

చార్మినార్, మక్కా మసీదు పరిసరాల్లో కాలిబాటల మీద పాత నాణేలు పరిచి అమ్మేవారు కనిపిస్తారు. ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్ వంటి నగరాల్లోని వేలం సంస్థలు ముద్రిత జాబితాలతో వేలం నిర్వహిస్తాయి. కొత్తవారు కాలిబాట మీద ఖరీదైన నాణెం కొనడం కంటే తక్కువ ధరకు దొరికే రాగి, చిన్న వెండి నాణేలతో మొదలుపెట్టడం మేలు. ఎక్కడ కొన్నా నాణెం వివరాలు, బరువు, ధర రాసిన రసీదు తీసుకోవాలి. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామన్న షరతు రాయించుకోవాలి.

ధర విషయంలో ఒక కనీస లెక్క తెలిసి ఉండాలి. పైన చెప్పిన పాళ్ల ప్రకారం 1337 నాటి రకపు హాలీ రూపాయిలో అసలు వెండి సుమారు 9.14 గ్రాములు. బ్రిటిష్ వెండి రూపాయిలో సుమారు 10.7 గ్రాములు. ఆనాటి వెండి ధరతో హెచ్చవేస్తే లోహం విలువ తేలుతుంది. అంతకు తక్కువకు వెండి నాణెం ఇస్తానంటే అది వెండి కాదని భావించవచ్చు. అంతకు ఎన్నో రెట్లు అడిగితే ఆ ఏడాది నాణెం అరుదైనదా కాదా అన్నది పుస్తకాల్లో చూడాలి. సుల్తానుల నాణేలకు గోరాన్, గోయెంకాలు 2001లో వెలువరించిన గ్రంథం, ఇస్లామిక్ ప్రపంచపు నాణేలకు స్టీఫెన్ ఆల్బమ్ జాబితా, నిజాం నాణేలకు క్రౌజ్ కేటలాగు సేకర్తలు ప్రామాణికంగా వాడుతున్నారు. పాతదైనంత మాత్రాన నాణెం ఖరీదైనది కాబోదు. వెయ్యేళ్ల నాటి రాగి నాణెం వందేళ్ల నాటి అరుదైన రూపాయి కంటే చవకగా దొరకడం మామూలే.

పాత నాణేన్ని చింతపండుతోనో, నిమ్మరసంతోనో, బూడిదతోనో తోమడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. ఏళ్ల తరబడి ఏర్పడిన సహజమైన పొర పోతే సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. కాసులపేరు కోసం కొక్కెం అతికించినా, లంబాడీల నగల మాదిరి రంధ్రం చేసినా ధర తగ్గుతుంది. అయితే అలాంటి నాణెం కుటుంబ జ్ఞాపకంగా విలువైనదే. దాన్ని మార్చే ప్రయత్నం చేయకుండా ఉన్నది ఉన్నట్లు ఉంచడమే ఉత్తమం. ప్లాస్టిక్ సంచులు కాకుండా నాణేల కోసం ప్రత్యేకించిన తొడుగుల్లో, తేమ తగలని చోట దాచాలి.

ఫోన్‌లో లక్షలు... చేతికి చిప్ప

మీ దగ్గరి పాత నాణేనికి లక్షలు ఇస్తామంటూ ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వచ్చే ప్రకటనలు మరో ఉచ్చు. ముందుగా రిజిస్ట్రేషన్ రుసుమనో, పన్ను అనో, కమీషన్ అనో డబ్బు కట్టించుకుని మాయమవడం వీరి పద్ధతి. తమ పేరు వాడుకుని కొందరు ఇలా వసూలు చేస్తున్నారని, పాత నాణేలు, నోట్ల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఏ రుసుమూ వసూలు చేయమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన చేసింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలే తప్ప అమ్మేవాడి నుంచి తీసుకోడన్న చిన్న సూత్రం గుర్తుంటే చాలు.

ఇక తెలుగు రాష్ట్రాల్లో 'రైస్ పుల్లింగ్' పేరుతో జరిగే మోసం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బియ్యపు గింజలను లాగే అద్భుత శక్తి ఉందని చెప్పి పాత రాగి నాణేలు, చెంబులు అంటగట్టి లక్షలు కాజేసిన ముఠాలను పోలీసులు పలుమార్లు అరెస్టు చేశారు. ఏ లోహానికీ బియ్యాన్ని లాగే గుణం లేదు. ఇలాంటి ప్రస్తావన రాగానే బేరం ఆపి పోలీసులకు తెలపడం శ్రేయస్కరం.

లంకెబిందెలు దొరికితే

విమానాశ్రయం, బాహ్య వలయ రహదారి వచ్చాక శంషాబాద్ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి. పునాదులు తవ్వుతున్నప్పుడు కుండలో నాణేలు బయటపడితే ఏం చేయాలన్నది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి, పది రూపాయలకు మించిన విలువ గల ఏ నిక్షేపం దొరికినా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దొరికిన చోటు, తేదీ, నిక్షేపం వివరాలు అందులో ఉండాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా తన వాటాను కోల్పోతారు.

తెలియజేస్తే అంతా పోతుందన్న భయం చాలామందిలో ఉంది. అది పూర్తిగా నిజం కాదు. హక్కుదారులు లేని నిక్షేపమని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి నాలుగో వంతు చెందుతాయని ఈ చట్టం చెబుతోంది. ప్రభుత్వమే దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లించాలి.

దొరికిన కుండను దొరికిన చోటే ఉంచడం వల్ల చరిత్రకు జరిగే మేలు వేరు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024 మార్చిలో తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అవి ఇక్ష్వాకుల కాలానివని వారసత్వ శాఖ గుర్తించింది. ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన, ఎన్ని దొరికాయో నమోదు కావడం వల్లనే వాటికి అర్థం ఏర్పడింది. అదే కుండను పంచుకుని కంసాలి కొలిమిలో కరిగిస్తే మిగిలేది లోహం ఒక్కటే. ఆ నాణేలు అక్కడికి ఎవరి కాలంలో, ఏ దారిన వచ్చాయో చెప్పేవారు ఇక ఉండరు.

విమానం ఎక్కే ముందు

1972లో చేసి 1976 ఏప్రిల్ నుంచి అమలులోకి తెచ్చిన పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లకు తక్కువ కాని వయసు గల నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. పురావస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉంది. సొంత నాణెమైనా, తాత ఇచ్చినదైనా, ఒక్కటే అయినా మినహాయింపు లేదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా, మూడేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. నాణేన్ని కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకుంటారు. దేశం లోపల ఉంచుకోవడానికి, కొనడానికి సామాన్యులకు అడ్డంకి లేదు. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవారికి మాత్రం లైసెన్సు ఉండాలి.

ఈ వందేళ్ల గీత ఒకచోట నిలిచేది కాదన్నది గమనార్హం. ఏటా అది ఒక్కో ఏడాది ముందుకు జరుగుతుంది. మహబూబ్ అలీఖాన్ నాణేలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి. ఉస్మాన్ అలీఖాన్ నాణేల్లో హిజ్రీ 1343 (1924-25) వరకు ముద్రితమైనవీ దాటాయి. పదేళ్ల కిందట నిరభ్యంతరంగా వెంట తీసుకెళ్లగలిగిన నాణెం ఈనాడు చిక్కు తెచ్చిపెట్టవచ్చు. వందేళ్లు నిండని నాణేల విషయంలోనూ సందేహం తలెత్తకుండా ఉండాలంటే పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందుగానే పొందడం మంచిది. ప్రయాణం ముందు రోజు కాక, వారాల ముందే దరఖాస్తు చేసుకోవాలి.

విదేశాల నుంచి తెచ్చేవారికి మరో నియమం వర్తిస్తుంది. నగల రూపంలో లేని బంగారం, వెండి ప్రయాణికుల సుంకం లేని పరిమితిలోకి రావు. బంగారు దీనారైనా, వెండి దిర్హమైనా దిగగానే కస్టమ్స్‌కు ప్రకటించాలి. అక్కడ కొన్న రసీదును భద్రపరచాలి.

కరిగిపోతే, దాటిపోతే

నియమాలు ఇంత కఠినంగా ఎందుకని అనిపించవచ్చు. జహంగీర్ 1613లో ఆగ్రాలో వేయించిన వెయ్యి మొహరీల బంగారు నాణెం ఉదంతం అందుకు జవాబు చెబుతుంది. 20 సెంటీమీటర్లకు పైగా వెడల్పు, దాదాపు 12 కిలోల బరువు గల ఆ నాణెం నిజాముల సొత్తుగా హైదరాబాద్‌కు చేరింది. ఏడవ నిజాం నుంచి ఆయన మనవడు ముకర్రం జాకు సంక్రమించింది. 1987లో జెనీవాలో వేలానికి రాబోతోందన్న వార్తతో కలకలం రేగింది. సీబీఐ విచారణ జరిపినా, ఆ తరువాత దాని జాడ బయటపడలేదు. పన్నెండు కిలోల నాణెమే కనుమరుగైనప్పుడు, జేబులో పట్టే పదకొండు గ్రాముల రూపాయల సంగతి చెప్పేదేముంది?

కొనే స్తోమత లేనివారు కూడా ఈ నాణేలను చూడవచ్చు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో నాణేల సేకరణలు ఉన్నాయి. 1997లో టంకశాల చర్లపల్లికి తరలిపోగా, సైఫాబాద్‌లోని పాత టంకశాల భవనంలో 2022లో మ్యూజియం ఏర్పాటైంది. ముందు అక్కడ నాలుగు అసలు నాణేలు చూసి, వాటి మీది ఏడాదిని చదవడం అలవాటు చేసుకున్నాకే కొనుగోలుకు దిగడం మంచిది.

శంషాబాద్ అన్న పేరే పైగా నవాబుల బిరుదైన షంసుల్ ఉమ్రా మీదుగా వచ్చిందని చెబుతారు. ఊరి పేరులో దాగిన చరిత్రే ఈ ప్రాంతపు ఇళ్లలోని సందుగుల అడుగునా ఉంది. తోమకుండా, కరిగించకుండా, దొంగచాటుగా దాటించకుండా ఉంచితే ఆ రూపాయి మనవళ్లకు అందుతుంది. దాంతో పాటు దాని మీది ఏడాదిని చదవడం కూడా నేర్పితే, వారి చేతికి అందేది వెండి ఒక్కటే కాదు, ఊరి కథ కూడా.